రెండో కెమెరా

"పళ్లు తీయడానికి ఒక కెమెరా కావాలండి" అంది ఆ అమ్మాయి.

కౌంటరు వెనక కుర్రాడు తల ఎత్తలేదు. చేతిలోని లెన్సు తుడుచుకుంటూనే అడిగాడు. "కొరికే పళ్లా, కొరుక్కు తినే పళ్లా?"

"కొరికేవే. నోట్లో ఉండేవి."

"వాటిని తీయడానికి పటకారు కావాలండి. పక్క వీధిలో దొరుకుతుంది."

ఆమెకు ఒళ్లు మండింది. పొద్దుటినుంచి పంటినొప్పుల మూలుగులు విని విని వచ్చింది. దారిలో వాన. చెప్పుల్లో నీళ్లు. ఇప్పుడు ఈ పెద్దమనిషి హాస్యం ఒకటి.

ఆమె పనిచేసేది రెండు సందుల అవతల ఉన్న పళ్ల ఆస్పత్రిలో, డాక్టరమ్మకు సహాయకురాలిగా. చిన్న మనిషి. ఈ కుర్చీ దగ్గరినుంచి ఆ కుర్చీ దగ్గరికి గెంతుతున్నట్టు తిరుగుతుందని డాక్టరమ్మ పిచ్చుక అని పేరు పెట్టింది. పేషెంట్లు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాక ఇంట్లోవాళ్లు సైతం అసలు పేరు మానేశారు. వైద్యానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి పళ్ల ఫొటోలు తీసి దాచాలని డాక్టరమ్మకు కోరిక. ఫోనుతో తీస్తే దగ్గరికి వెళ్లేసరికి మసక, ఫ్లాష్ వేస్తే తెల్లటి మెరుపు తప్ప ఏమీ లేదు. చేతిలో కొద్ది డబ్బు పెట్టి, దీనికి వచ్చేది ఏదైనా చూసి కొనుక్కురా అని పంపింది.

ఇదంతా పిచ్చుక ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. కుర్రాడు అప్పుడు తల ఎత్తాడు. ఆమె అద్దాల బీరువాలో వెండిలా మెరుస్తున్న కెమెరా ఒకటి చూపించింది.

"అది వద్దండి" అన్నాడు.

పక్కనున్న పెద్ద లెన్సుదాన్ని చూపించింది. "అదీ వద్దు."

"నన్ను చూస్తే కొనలేనిదానిలా కనిపిస్తున్నానా?"

"కొనగలరు. కొన్నాక ఏడుస్తారు."

ఆ మాటకు లోపల కుర్చీలో కూర్చున్న షాపు ఓనరు నిట్టూర్చాడు. ఈ కుర్రాడికి వద్దుబాబు అని పేరు పెట్టింది ఆయనే. ఎవరేం చూపించినా అది వద్దంటాడు. ఏది ఆరు నెలల్లో రిపేరుకు వస్తుందో, దేనికి పేరు తప్ప పనితనం లేదో ముఖం మీదే చెప్పేస్తాడు. పనిలోంచి తీసేద్దామంటే కొనేవాళ్లు అతని కోసమే వెతుక్కుంటూ వస్తారు. ఓనరుకు మింగలేక కక్కలేక ఉండేది.

వద్దుబాబు అడుగు అరలోంచి అంచులు అరిగిన చిన్న నల్ల కెమెరా తీశాడు. ఎవరో వాడి అమ్మేసింది. మెగాపిక్సెళ్లు ఎన్నో అడగొద్దనీ, వస్తువుకు వేలెడు దూరంలోకి వెళ్లినా మసకబారకుండా ఉంటుందా లేదా అన్నదే ఆమె చూసుకోవాల్సిందనీ చెప్పాడు. ఫ్లాష్ మీద పల్చటి తెల్ల కాగితం అంటిస్తే పళ్లు అద్దాల్లా మెరవవన్నాడు.

"సరే, నోరు తెరవండి" అంది పిచ్చుక.

"నేనా?"

"మీ మాట నమ్మి తీసుకెళ్లి డాక్టరమ్మ చేత తిట్లు తినమంటారా?"

అతను ఓనరు వైపు చూశాడు. ఓనరు అటు తిరిగి నవ్వుకుంటున్నాడు. ఇక తప్పక నోరు తెరిచాడు. పైవరసలో ఒక పన్ను పక్కదాని భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడినట్టు ఉంది. పిచ్చుక దాన్నే గురిచూసి తీసింది. బొమ్మ స్ఫుటంగా వచ్చింది. అతను వెంటనే మూతి బిగించి, చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆమె కోపం ఆ చెవులు చూశాక పోయింది.

కెమెరా కొన్నాక కూడా ఆమెకు ఆ షాపుతో పని తీరలేదు. పళ్లు పచ్చగా పడుతున్నాయని ఒకసారి, మెమరీ కార్డు చదవడం లేదని ఒకసారి వెళ్లింది. మూడోసారి ఏ వంకా దొరక్క, మూత బిగుతుగా ఉందని వెళ్లింది. మూత తేలిగ్గానే వచ్చింది. అతను దాన్ని నాలుగుసార్లు తీసి పెట్టి, నిజమే, కొంచెం బిగుతే అన్నాడు.

ఆ సాయంత్రం వాన జోరుగా పడుతోంది. అతను గొడుగు పట్టుకుని బస్టాపు వరకూ వచ్చాడు. గొడుగు ఒకటే, చిన్నది. దాన్ని ఆమె మీద పట్టాలో తన మీద పట్టాలో తేల్చుకోలేక ఆమె చేతిలోని కెమెరా సంచి మీద పట్టాడు. ఇద్దరూ నిలువునా తడిశారు. కెమెరా మీద చుక్క పడలేదు. బస్సు ఎక్కి కిటికీలోంచి చూస్తే, అతను గొడుగు మూసి పట్టుకుని వానలోనే నిలబడి ఉన్నాడు.

సెలవురోజుల్లో కెమెరా ఇంటికి తీసుకెళ్లడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. అలా పిచ్చుక పళ్లు వదిలి మనుషుల మీద పడింది. ముందు తన ఆస్పత్రి వరండాలోనే, ఎదురుచూసేవాళ్లను అడిగి మరీ తీసేది. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్లు. దవడ మీద అరచెయ్యి ఆనించుకుని గోడ మీది బొమ్మను చూస్తున్న లెక్కల మాస్టారు. ఇంతెత్తు మనిషి ఒకాయన, ధైర్యం కోసం అయిదేళ్ల కూతురి చిటికెన వేలు పట్టుకుని కూర్చున్నాడు. అది తీసినప్పుడు ఆమెకు తెలియకుండానే ఊపిరి ఆగింది.

వాటిని షాపు కంప్యూటరులో వేసి వద్దుబాబుకు చూపించింది. అతను ఒక్కొక్కటే చూశాడు. చిటికెన వేలు దగ్గర చాలాసేపు ఆగాడు. ఏమీ అనలేదు.

బాగాలేవేమోనని ఆమె ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. మర్నాడు అతనే ఆస్పత్రికి వచ్చాడు. వరండాలో పంటినొప్పి వాళ్ల మధ్య కూర్చుని తన వంతు వచ్చేదాకా ఆగాడు. లోపలికి వచ్చి, నోరు తెరవమన్న డాక్టరమ్మతో, తనకు పన్ను నొప్పి ఏమీ లేదనీ, ఆ అమ్మాయితో ఒక్కమాట చెప్పి పోతాననీ అన్నాడు.

"నిన్న మాట రాలేదు" అన్నాడు పిచ్చుకతో. "చాలా బాగున్నాయి. అంతే."

డాక్టరమ్మ చేతిలోని అద్దం కింద పెట్టి, ఈ జబ్బుకు తన దగ్గర మందు లేదు, ఇద్దరూ బయటికి వెళ్లి మాట్లాడుకోండని గదిమింది.

వద్దుబాబుకు షాపు ఉద్యోగం కడుపు కోసం. ఆదివారాలు పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఫొటోలు తీసేవాడు. ఏనాటికైనా సొంత స్టూడియో పెట్టాలని ఆశ. పదిహేనో ఏట ఒక స్టూడియోలో లైట్లు మోయడంతో మొదలుపెట్టి, తిట్లు తిని, చూసి చూసి నేర్చుకున్న విద్య. సాయానికి రమ్మంటే పిచ్చుక వెళ్లడం మొదలుపెట్టింది. అతను పెద్ద కెమెరాతో వేదిక దగ్గర నిలబడేవాడు. పిల్లల్నీ ముసలివాళ్లనీ తీస్తూ ఉండమని ఆమెను చిన్న కెమెరాతో హాల్లోకి వదిలేవాడు. మంచి బొమ్మ పడగానే ఆమె పరుగున వెళ్లి అతని ఎడంవైపు నిలబడి తెర చూపించేది. అతను ఒక కన్ను తన కెమెరాలో అలాగే ఉంచి, రెండో కంటితో చూసి తల ఊపేవాడు.

ఒక ఆదివారం సామాను సంచులు మోసుకుంటూ బస్సు కోసం నడుస్తున్నప్పుడు అతను, ఆ వంకర పన్ను సరిచేయించుకుందామనుకుంటున్నానన్నాడు. ఎందుకని ఆమె అడిగింది.

"మీ నాన్నగారి ముందు నవ్వాల్సి వస్తుంది కదా."

"మా నాన్న ముందు నువ్వెందుకు నవ్వాలి?"

"పిల్లనిమ్మని అడగడానికి వచ్చి ఏడుస్తూ కూర్చోలేను కదా."

పిచ్చుక సంచి కింద పెట్టేసింది. పన్ను జోలికి వెళితే పెళ్లి మాట మరిచిపొమ్మంది. ఆ తర్వాత రెండు బస్సులు వెళ్లిపోయినా వాళ్లిద్దరూ చూసుకోలేదు.

పెద్దవాళ్లు అడ్డు చెప్పలేదు. పిచ్చుక నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాటలు తక్కువ. కాబోయే అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, పనిలో అబద్ధమాడవట కదా, అది చాలు అన్నాడు. వద్దుబాబు తల్లి పిచ్చుక చుబుకం పట్టుకుని చూసి, మా వాడు జీవితంలో మొదటిసారి ఒకదాన్ని కావాలన్నాడమ్మా అని మురిసిపోయింది. చలికాలం వెళ్లాక పెళ్లి అనుకున్నారు.

కథ ఇక్కడ ఆగిపోయినా ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఆగలేదు.

ఒక పెళ్లివారు ఆల్బమ్ కోసం ఫొటోలు ఎంచుకోవడానికి షాపుకు వచ్చారు. ఇద్దరూ తీసినవాటిని కలిపే కంప్యూటరులో పెట్టారు. ఏది ఎవరు తీసిందో వచ్చినవాళ్లకు తెలియదు. పెళ్లికూతురి తల్లి వేలు పెట్టి ఇది, ఇది, ఇది అని చూపిస్తుంటే వద్దుబాబు పక్కన గుర్తు పెడుతూ వచ్చాడు. వేదిక మీది నాలుగైదు తప్ప తక్కినవన్నీ పిచ్చుక తీసినవే. ఆవిడ వెళుతూ వెళుతూ, మీ చెయ్యి బంగారం బాబూ అంది. అతను చేతులు జోడించాడు. పక్కనే నిలబడ్డ పిచ్చుక ఆ పొగడ్త తనకే వచ్చినంత సంబరపడింది. అతను తనవాడు. అతనికొచ్చింది తనకు రాలేదంటే ఎలా?

తర్వాత ఆమె తీసిన బొమ్మ ఒకటి, పెద్దది చేసి, అతను పెట్టబోయే స్టూడియో పేరుతో షాపు అద్దంలో కనబడింది. కింద ఆమె పేరు లేదు. అదీ ఆమెకు తప్పనిపించలేదు. ఆదివారాలు తెర చూపించడానికి పరుగున వెళితే మాత్రం, పని మధ్యలో విసిగించొద్దని అతను అనడం మొదలుపెట్టాడు. స్టూడియో బెంగలో ఉన్నాడులే అనుకుంది.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ కూతురి పెళ్లి కుదిరింది. ఫొటోలు మొత్తం నువ్వే తీయాలి, ఇంకెవరూ వద్దంది డాక్టరమ్మ. పిచ్చుకకు భయంతో పాటు పట్టలేనంత ఆనందం. ఆస్పత్రి కెమెరా పాతదైపోయింది. తనకంటూ ఒకటి కొనుక్కోవాలి. జీతంలో మిగుల్చుకున్నది పెద్ద కెమెరాకు చాలదు. ఆ కాస్తలో మంచిది ఏదని ఎవర్ని అడగాలి? లోకంలో ఆ ప్రశ్న అడగదగ్గ మనిషి ఆమెకు ఒక్కడే.

అతను కాసేపు బీరువా వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఎర్రటి కొత్త కెమెరా ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నీకిది సరిపోతుందన్నాడు. ఆమె ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, ఇంకేమైనా చూడనా అని అడిగింది.

"నా మీద నమ్మకం లేదా?"

ఆమె నవ్వి డబ్బు కట్టేసింది. పాతది కూడా పెళ్లికి తీసుకెళ్లనా అంటే, రెండు చేతుల్లో రెండు పెట్టుకుంటే ఏదీ సరిగా రాదు, ఒకదాన్నే నమ్ముకో అన్నాడు. పెళ్లికి ముందు ఆస్పత్రిలో ఆ కెమెరాను పరీక్షించి చూసుకుంది. బొమ్మలు చక్కగానే పడ్డాయి. పళ్లు ఎక్కడికీ పరుగెత్తవు కదా.

పెళ్లిలో మనుషులు కదులుతారు. దీపాల వెలుగు తక్కువగా ఉన్న హాలు అది. ఆమె బటన్ నొక్కుతుంది, కెమెరా ఆలోచిస్తుంది. అది ఆలోచించుకుని తీసేలోపు నవ్వు ముఖం మీంచి వెళ్లిపోతుంది. కూతుర్ని కౌగిలించుకుని డాక్టరమ్మ కళ్లు మూసుకున్న క్షణం ఆమె స్పష్టంగా చూసింది, నొక్కింది. తెర మీద డాక్టరమ్మ వీపు, అడ్డంగా ఎవరిదో మోచెయ్యి. సాయంత్రందాకా పిచ్చుక నొక్కుతూనే ఉంది. ఎంత ముందుగా నొక్కినా ఆలస్యమే అయింది.

ఫొటోలు చూసి డాక్టరమ్మ గట్టిగా ఏమీ అనలేదు. "పోనీలే" అంది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. మర్నాటినుంచి ఆస్పత్రిలో పిచ్చుకా అని కాక, అమ్మాయీ అని పిలవడం మొదలుపెట్టింది.

వద్దుబాబు ఆమెను పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టి చాలాసేపు ఓదార్చాడు. తల నిమిరాడు. అందరికీ రాదులే ఇది, ఇంతకుముందు ఏదో అదృష్టంకొద్దీ పడ్డాయి, దిగులు పడకు, నేనున్నాను కదా అన్నాడు. అంత మెత్తగా అతను మాట్లాడి చాలా రోజులైంది. ఏడుస్తూనే ఆమె, ఇంత మంచివాడు దొరకడం తన అదృష్టమనుకుంది. ఇక ఫొటోల జోలికి వెళ్లనని చెప్పింది. అతను వద్దనలేదు.

కొన్నాళ్లకు, వాడని వస్తువు ఇంట్లో ఎందుకని, ఎర్ర కెమెరా తిరిగి ఇచ్చేద్దామని షాపుకు వెళ్లింది. వద్దుబాబు బయటి పని మీద వెళ్లాడు. ఓనరు దాన్ని చూసి కళ్లజోడు సరిచేసుకున్నాడు.

"ఇది నీకు ఎవరు అంటగట్టారమ్మా?"

మీ షాపులోనే కొన్నానని ఆమె చెప్పింది. ఆయన నవ్వాడు. "మా షాపులోనా? దీన్ని కొంటామని వచ్చినవాళ్లందర్నీ మావాడు వెనక్కి పంపేస్తాడు. నొక్కిన తర్వాత నిద్రపోతుంది, కదిలే మనుషులకు పనికిరాదంటాడు. వాడి పుణ్యమా అని ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఒక్కటి మాత్రం పోయిందని లెక్కలో చూసి, ఎవరో వాడు లేనప్పుడు వచ్చారనుకున్నాను."

పిచ్చుక ఎర్ర కెమెరా సంచిలో పెట్టుకుంది. అదే డబ్బుకు ఏదైనా మంచిది ఉందా అని అడిగింది. ఆయన అడుగు అరలోంచి నల్లటిది ఒకటి తీశాడు. ఆస్పత్రిలో ఉన్నదానికి అన్నలాంటిది. వాడినదే, కానీ వేగం చూడమన్నాడు. ఆమె రోడ్డు మీద పోతున్న సైకిలును గురిచూసి నొక్కింది. చక్రం పుల్లలు లెక్కపెట్టుకోవచ్చు.

వద్దుబాబు వచ్చేసరికి ఆమె షాపు మెట్ల మీద కూర్చుని ఉంది. ఎర్ర కెమెరా ఒళ్లో ఉంది.

"ఇది నాకెందుకిచ్చావు?"

అతను చేతిలోని సంచి దించాడు. నీ డబ్బుకు వచ్చేది అంటూ ఏదో మొదలుపెట్టాడు.

"అదే డబ్బుకు వచ్చేది మీ ఓనరుగారు చూపించారు. అది అప్పుడు కూడా అరలోనే ఉందట."

రోడ్డు మీద ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. అతను ఆమె పక్కన కాకుండా ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"ఆ ఆల్బమ్ రోజునుంచి నాకు మనసు మనసులో లేదు" అన్నాడు. "పదిహేనో ఏటినుంచి నాకున్నది ఇదొక్కటే. నువ్వు పళ్ల ఆస్పత్రిలోంచి వచ్చి, నేను అమ్మిన పాత కెమెరాతో..." ఆగాడు. "నువ్వు నాకంటే బాగా తీస్తావు. ఆ చిటికెన వేలు చూసినరోజే తెలిసింది నాకు."

"నేను తీసినవి నీ పేరు మీద పెట్టుకున్నావు. నేనేమైనా అన్నానా?"

"అనలేదు. అంటే బాగుండేది."

"నాకు చెడ్డదిచ్చావు, సరే. డాక్టరమ్మ కూతురి పెళ్లి మళ్లీ జరగదు కదా. అది గుర్తు రాలేదా?"

"వచ్చింది."

"పార్కులో నేను ఏడుస్తుంటే అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

అతను అబద్ధం చెప్పడం చేతగాని మనిషిలాగే చెప్పాడు.

"లేదు. హాయిగా అనిపించింది. నువ్వు అలా నా భుజం మీద పడి ఏడుస్తుంటే నీ మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది."

పిచ్చుక అతని ముఖంలోకి చూసింది. అతని కళ్లలో నీళ్లున్నాయి. ప్రేమిస్తున్నానన్నది అబద్ధం కాదు, నన్ను నమ్ము అంటున్నాడు. ఇకముందు అన్నిటి మీదా నీ పేరే వేస్తానంటున్నాడు.

"అబద్ధం కాదని తెలుసు" అంది ఆమె. "అందుకే భయమేస్తోంది. నీకు నా మీద ప్రేమ పుట్టాలంటే నేను రోజూ ఏదో ఒకటి పోగొట్టుకుని ఇంటికి రావాలి. అలా నేను ఉండలేను."

ఎర్ర కెమెరా మెట్టు మీద పెట్టి లేచింది. అతను పిలుస్తాడేమోనని వీధి చివరిదాకా నెమ్మదిగా నడిచింది. అతను పిలవలేదు. పిలిచి ఉంటే ఏం చేసేదో ఆమెకు తర్వాత కూడా తెలియలేదు.

పెళ్లి ఆగిపోయింది. వద్దుబాబు తల్లి వచ్చి, ఏదో కెమెరా కోసం ఇంత పంతమా అమ్మా అని ఏడ్చింది. ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక పిచ్చుక కూడా ఆవిడతో కలిసి ఏడ్చింది. నాన్న వివరాలు అడగలేదు. ఆ వారమంతా పనినుంచి పెందలాడే వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. డాక్టరమ్మకు మాత్రం ఆమె జరిగిందంతా చెప్పింది. డాక్టరమ్మ విని, తప్పు నీది కాదని తెలిసినందుకు సంతోషమే, కానీ ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు నువ్వే గుర్తొస్తావు, ఏం చెయ్యను అంది. అదీ నిజమే.

పిచ్చుక వేరే షాపులో, అలాంటి నల్ల కెమెరానే వెతికి కొనుక్కుంది. కొనేముందు అరగంటసేపు రోడ్డు మీది సైకిళ్లనూ కుక్కల్నీ తీసి చూసుకుంది. అమ్మేవాడు ఎన్ని చెప్పినా వినలేదు. ఇక ఎవరు చెప్పినా అలా వినలేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. అది తెలివో నష్టమో తేల్చుకోలేకపోయింది.

ఎండాకాలం మొదట్లో, ఆస్పత్రికి వచ్చే లెక్కల మాస్టారు తన మనవరాలి పెళ్లికి ఫొటోలు తీయమని అడిగాడు. ఒంటరిగా వెళ్లింది. హాలు మూలలో ఒక ముసలి జంట, ఎవరూ చూడటం లేదనుకుని, ఒకే కుర్చీ కోసం పోట్లాడుకుంటున్నారు. నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని. చివరికి ఇద్దరూ ఒకేసారి కూర్చోబోయి ఒకరి మీద ఒకరు పడి పకపకా నవ్వారు. పిచ్చుక నొక్కింది. సరిగ్గా నవ్వు పగిలిన క్షణం తెర మీద నిలిచింది. ఇంత మంచి బొమ్మ ఆమె ఎప్పుడూ తీయలేదు.

ఒక్క గెంతులో వేదిక వైపు పరుగెత్తింది. సగం దూరం వెళ్లాక, ఎవరి దగ్గరికి వెళుతోందో గుర్తొచ్చి ఆగిపోయింది.

పెళ్లివారు ఆమెను తప్పించుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. ఒక పెద్దాయన, ఏం పోయిందమ్మా, వెతుకుతున్నావు అని అడిగాడు. ఏమీ లేదండీ అంది. ముసలావిడ అవతలినుంచి చెయ్యి ఊపి, మమ్మల్ని తీశావు కదూ, ఏదీ చూపించు అని పిలుస్తోంది. పిచ్చుక కళ్లు తుడుచుకుని, వస్తున్నానమ్మమ్మా అంటూ అటు నడిచింది.